నాలుగు గడుల పుస్తకం



నేనూ మీలాంటి ఒక తండ్రినే. మా అమ్మాయి మన విశాఖపట్నం బ్రాంచిలో తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను బ్యాంకులో పనిచేస్తాను. రెండేళ్ళ క్రితం నాకు అరకు లోయకు బదిలీ అయింది. అమ్మాయి చదువు దెబ్బతినకూడదని కుటుంబాన్ని విశాఖలోనే ఉంచాం. సోమవారం తెల్లవారుజామున శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డెక్కి, శనివారం సాయంత్రం దిగుతుంటాను. అంటే వారంలో ఒకటిన్నర రోజు మాత్రమే తండ్రిని. మిగతా రోజుల్లో ఫోన్‌లో వినిపించే గొంతుని.

ఈ పేజీలో సాధారణంగా పిల్లల చదువు, తిండి, నిద్ర గురించి చదువుతుంటాం. నేను మాత్రం గోల్ఫ్‌తో మొదలుపెడుతున్నాను. విసుక్కోకండి. తిరిగి మన పిల్లల దగ్గరికే వస్తాను.

కొత్త కర్ర కొన్నా పాత ఆటే

నలభై దాటాక డాక్టరు నడవమంటే నడక విసుగనిపించి, ఒక స్నేహితుడి వెంట గోల్ఫ్‌కు వెళ్ళాను. విశాఖలో నూరేళ్ళు దాటిన ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. ఆదివారం ఉదయం అక్కడ ఆడటం నాకు అలవాటైపోయింది.

ఈ ఆట తెలియనివారికి రెండు ముక్కలు. మొత్తం 18 హోల్స్. ఒక్కో హోల్‌ను ఇన్ని దెబ్బల్లో పూర్తిచేయాలని ఒక లెక్క ఉంటుంది. దాన్ని పార్ అంటారు. ఎక్కువగా అది 3, 4 లేదా 5 ఉంటుంది. అన్నీ కలిపితే 72 దగ్గరగా వస్తుంది. మన పరీక్షలకు ఇది తలకిందులు: ఎంత తక్కువ వస్తే అంత గొప్ప. నాకు 110 వచ్చేది. రెండేళ్ళు ఆడినా 110 వచ్చేది.

దూరం కొట్టలేకపోవడమే నా లోపమని గట్టిగా నమ్మాను. మొదటి దెబ్బకు వాడే పెద్ద కర్రను డ్రైవర్ అంటారు. ఖరీదైన కొత్త డ్రైవర్ కొన్నాను. ఆ నెల ఇంటి బడ్జెట్ మీద మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. సాధన చేసే చోట గంటసేపు దాంతోనే బాదేవాణ్ణి. బంతి గాల్లో దూరంగా వెళ్తుంటే చూడటానికి హాయిగా ఉండేది. ఆదివారం ఆట అయ్యాక కార్డు చూసుకుంటే మళ్ళీ 110.

ఒకరోజు ఆట ముగించి టీ తాగుతుంటే క్లబ్బులో ఒక పెద్దాయన అడిగారు: "ఈరోజు ఎన్ని పట్‌లు వేశావు బాబూ?"

గ్రీన్ అనే నున్నటి గడ్డి మీదికి బంతి చేరాక, రంధ్రంలోకి నెమ్మదిగా దొర్లించే దెబ్బను పట్ అంటారు. నాకు గుర్తులేదు.

"పోనీ, ఎన్ని బంతులు పొదల్లోకి పోయాయి?"

అదీ సరిగ్గా చెప్పలేకపోయాను.

"మొత్తం మాత్రం తెలుసు. 110. అంతేనా?" అని నవ్వేశారు. "మొత్తం చూస్తే ఏడుపొస్తుంది. విడివిడిగా చూస్తే పని దొరుకుతుంది."

ఆ మాట నన్ను పట్టుకుంది.

నాలుగు గడులు

ఆయన చెప్పినట్టే జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం కొన్నాను. ప్రతి హోల్‌కూ నాలుగు గడులు. మొదటి దెబ్బ సరైన దారిలో, అంటే ఫెయిర్‌వే మీద పడిందా లేదా? పార్‌కు రెండు తక్కువ దెబ్బల్లో గ్రీన్ చేరానా లేదా? ఎన్ని పట్‌లు? ఎన్ని పెనాల్టీలు? మొదటి రెండింటికీ టిక్కు లేదా గీత. చివరి రెండింటికీ అంకె. ఒక హోల్‌కు పది సెకన్లు కూడా పట్టదు.

ఐదు ఆదివారాల లెక్కలు అరకు క్వార్టర్స్‌లో కూర్చుని కూడాను. బయట డిసెంబరు మంచు, చేతిలో వేడి కాఫీ. వచ్చిన అంకెలు చూసి నాకే నవ్వొచ్చింది.

సగటున ఒక ఆటకు 41 పట్‌లు. హోల్‌కు రెండు చొప్పున అయినా 36 కావాలి. విడదీసి చూస్తే ఒక మామూలు రోజున 3 హోల్స్‌లో ఒక్క పట్, 7 హోల్స్‌లో రెండేసి, 8 హోల్స్‌లో మూడేసి. పెనాల్టీలు సగటున ఐదు. దాదాపు అన్నీ ఆ ఖరీదైన డ్రైవర్ పుణ్యమే. నేను దేన్ని మందనుకున్నానో అదే జబ్బులో సగం.

ఉత్సాహం కొద్దీ ఈ లెక్కల గురించి కొంచెం చదివాను. అమెరికాలో కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ, ప్రొఫెషనల్ ఆటగాళ్ళ దెబ్బల లెక్కలన్నీ విశ్లేషించి, ఏ రకం దెబ్బ దగ్గర ఎవరు ఎంత లాభపడుతున్నారో, ఎంత నష్టపోతున్నారో కొలిచే పద్ధతిని తయారుచేశారు. 2011 నుంచి పీజీఏ టూర్ కూడా పటింగ్‌కు ఆ కొలతను వాడటం మొదలుపెట్టింది. ఆయన 2014లో రాసిన పుస్తకంలో ఒక సంగతి నన్ను ఆపేసింది. పెద్ద ఆటగాళ్ళ మధ్య తేడా ఎక్కువగా వచ్చేది పట్‌ల దగ్గర కాదట, దూరం నుంచి కొట్టే దెబ్బల దగ్గరట.

మరి నా లెక్క తప్పా? కాదు. అది వాళ్ళ లెక్క, ఇది నా లెక్క. అందరి సగటు నా లోపం చెప్పదు. పక్కింటివాళ్ళ అబ్బాయికి ఏ ట్యూషన్ పనిచేసిందో అది మన ఇంట్లో పనిచేయాలని లేదు కదా!

అయితే బ్రాడీ నుంచి ఒకటి నేర్చుకున్నాను. పట్‌ల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. రంధ్రానికి రెండడుగుల దూరంలో మొదలుపెట్టినవాడికీ, ఇరవై అడుగుల దూరంలో మొదలుపెట్టినవాడికీ ఒకే లెక్క న్యాయం కాదు. అందుకని మొదటి పట్ ఎన్ని అంగల దూరం నుంచి వేశానో కూడా పక్కన రాయడం మొదలుపెట్టాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది. దగ్గరి పట్‌లు బాగానే వేస్తున్నాను. దూరం పట్‌లే సగంలో ఆగిపోతున్నాయి.

ఇక ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మా క్వార్టర్స్ వరండాలో పెళ్ళిళ్ళకు పరిచే పొడవాటి జంపఖానా పరిచాను. దాని చివర ఎర్ర చార ఉంది. బంతి సరిగ్గా ఆ చార మీద ఆగాలి. రోజూ రాత్రి పావుగంట. వాచ్‌మన్‌కు నేను కొంచెం వింతగా కనిపించి ఉంటాను. ఇరుకు హోల్స్‌లో డ్రైవర్ సంచిలోంచి తీయడమే మానేశాను. ఏడాది తిరిగేసరికి పట్‌లు 36కు, పెనాల్టీలు రెండుకు వచ్చాయి. మొత్తం 101 దగ్గర నిలబడింది. ఒక్కసారి 99 కూడా వచ్చింది. ఆరోజు ఇంటికి స్వీట్లు తెచ్చాను.

ఫ్రిజ్ మీద చార్టు

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

మా అమ్మాయికి లెక్కల వీక్లీ టెస్టులో 60 అటూ ఇటూగా వచ్చేవి. వారం వారం ఫోన్‌లో నా మాట ఒకటే: "ఇంకా కష్టపడాలమ్మా." ఆలోచిస్తే అది కొత్త డ్రైవర్ కొనడం లాంటి మాటే. ఎక్కడ కష్టపడాలో చెప్పని సలహా. దానికితోడు ఒక ట్యూషన్, ఆదివారం ఇంకో గంట.

గోల్ఫ్‌లో ఫలితం చూశాక నాకు పూనకం వచ్చింది. ఒక శనివారం రాత్రి స్కేలూ స్కెచ్ పెన్నులూ పెట్టుకుని పెద్ద చార్టు గీశాను. నాలుగు గడులు కాదు, తొమ్మిది. చదివిన గంటలు, ఫోన్ చూసిన నిమిషాలు, కేర్‌లెస్ తప్పులు, రివిజన్, నిద్ర లేచిన టైము... ఆ చార్టును ఫ్రిజ్ మీద అతికించాను.

మా అమ్మ వచ్చి దాన్ని చదివేది. పాలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు చదివేవాళ్ళు. పండక్కి వచ్చిన మా బావగారు భోజనాల దగ్గర అందరిముందూ గట్టిగా చదివి, "ఫోన్ తొంభై నిమిషాలా తల్లీ!" అని నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మాయి కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

తర్వాతి వారాల్లో చార్టు చాలా బాగుంది. ఫోన్ 15 నిమిషాలు. కేర్‌లెస్ తప్పులు సున్నా. నేను మురిసిపోయాను. టెస్టులో మాత్రం మళ్ళీ 62. ఆదివారం దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ సున్నా కింద రబ్బరుతో చెరిపిన 6 కనిపించింది.

కోపంగానే పిలిచాను. అది ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఒక్కమాట అంది.

"నాన్నా, నీ పుస్తకం నీ జేబులో ఉంటుంది. నాది ఫ్రిజ్ మీద ఎందుకుంది?"

నా దగ్గర జవాబు లేదు. సోమవారం ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే దారి పొడుగునా ఆ మాటే. నాకు 110 వచ్చిన రోజుల్లో నా నోటుపుస్తకం ఎవరైనా క్లబ్బు గోడకు అతికిస్తే నేనేం చేసేవాణ్ణి? నేనూ రబ్బరు తీసుకునేవాణ్ణే. మళ్ళీ శనివారం ఇంటికి వెళ్ళగానే చార్టు తీసేశాను. "తప్పు నాదమ్మా" అన్నాను. అది తలూపింది, కానీ నాతో మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది.

సొరంగాలూ, తాలు పళ్ళూ

సెలవులు రాగానే వాళ్ళు అరకు వచ్చారు. ఈసారి కారు వద్దనుకుని విశాఖ నుంచి రైల్లో తీసుకొచ్చాను. ఈ దారిలో 58 సొరంగాలు ఉన్నాయని చెబుతారు. అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని చేతిమీద పెన్నుతో గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టింది. బొర్రా గుహలు దాటాక కాసేపు కునుకు తీసింది. దిగేసరికి దాని లెక్క 49.

"58 అని రాసుకో, అందరూ అదే అంటారు" అన్నాను ఉడికించడానికి.

"నేను చూసినవి 49 నాన్నా. మిగతావి నిద్రపోయినవి" అంది.

ఫ్రిజ్ మీద సున్నా రాసిన పిల్లా, ఈ పిల్లా ఒకరే. తన లెక్క తనకోసమే అయినప్పుడు అబద్ధం అవసరమే రాలేదు.

మర్నాడు ఒక గిరిజన రైతు కుటుంబం కాఫీ తోటకు వెళ్ళాం. మా బ్యాంకు ఖాతాదారులే. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. పళ్ళు కోసే కాలం. ఎర్రగా పండినవే కోస్తున్నారు. పచ్చివాటిని కొమ్మకే వదిలేస్తున్నారు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణమే తెరిచారు. ఆ పేరు వెనకున్న పని ఇక్కడే, ఈ చేతుల్లోనే జరుగుతుంది.

ఇంటి ముందు ఒక ఆవిడ పెద్ద నీళ్ళ తొట్టిలో పళ్ళు పోస్తోంది. మంచివి అడుక్కి మునుగుతాయి. లోపల గింజ సరిగ్గా పట్టనివి పైకి తేలతాయి. మన వడ్లలో తాలు లాంటివి. ఆవిడ తేలినవాటిని జల్లెడతో తీసి విడిగా ఎండబెడుతోంది.

"తేలినవి పారేస్తారా అత్తా?" అని అడిగింది మా అమ్మాయి.

"పారేయడమెందుకమ్మా! ధర తక్కువొస్తుంది, అంతే. ఎక్కువ తేలాయనుకో, అవి ఏ వైపు చెట్లవో చూస్తాం. ఎండ ఎక్కువ తగిలిందో, ఎరువు చాలలేదో. వచ్చే ఏడుకి సర్దుకుంటాం."

నాకు మా క్లబ్బు పెద్దాయన గుర్తొచ్చారు. ఆవిడ తేలిన పళ్ళను తిట్టలేదు. వాటిని పట్టుకుని చెట్టు దగ్గరికి వెళుతోంది. నేను మార్కులు పట్టుకుని పిల్ల దగ్గరికి వెళ్ళి తిట్టాను.

తన మీద తానే వేసుకున్న పెనాల్టీ

ఆ రాత్రి వరండాలో జంపఖానా మీద ఇద్దరం బంతులు దొర్లించాం. నాకంటే అదే బాగా ఆపింది. అప్పుడు దానికి సాహిత్ తీగల గురించి చెప్పాను. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు. అతను కాలిఫోర్నియాలో పుట్టాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో తొలి విజయం అందుకున్నాడు. మరుసటి ఏడు అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్. మూడో రౌండులో బంతి ఇసుక గుంటలో పడింది. కర్ర వెనక్కి తీస్తున్నప్పుడు కొంచెం ఇసుక తగిలినట్టు అతనికే అనిపించింది. అలా తగలకూడదు. తగిలితే రెండు దెబ్బల పెనాల్టీ. అతనే అధికారులకు చెప్పి ఆ రెండు దెబ్బలూ తన ఖాతాలో రాయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికీ అతనికీ తేడా సరిగ్గా రెండు దెబ్బలే.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళ నాన్న తిట్టాడా?" అని అడిగింది.

"తిట్టి ఉండడు" అన్నాను.

ఆ ప్రశ్న సాహిత్ తీగల గురించి కాదని నాకు తెలుసు.

దాని పుస్తకం

విశాఖ వెళ్ళాక అది తనకోసం ఒక చిన్న పుస్తకం కొనుక్కుంది. అందులో ఏముందో నేను ఇప్పటిదాకా చూడలేదు. సుమారు ఆరు వారాల తర్వాత ఒక రాత్రి ఫోన్ చేసింది. కొండల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. క్వార్టర్స్ బయటికొచ్చి చలిలో నిలబడి విన్నాను.

"నాన్నా, నేను మూడు గడులే పెట్టుకున్నా. అర్థంకానివి, తెలిసీ తప్పు రాసినవి, టైము లేక వదిలేసినవి. పాత 62 మార్కుల పేపరు తీసి చూశా. పోయిన 38లో అర్థంకానివి 9. తెలిసీ తప్పు రాసినవి 11. వదిలేసినవి 18."

నేను ఏడాదిగా ట్యూషన్ పెట్టించింది అర్థంకాని ఆ తొమ్మిది మార్కుల కోసం. పద్దెనిమిది మార్కులు గడియారం దగ్గర పోతున్నాయని ఇంట్లో ఎవరికీ తెలియదు, దానికి కూడా. పెద్ద లెక్కలు ముందు మొదలుపెట్టి, ఒకదాంట్లో ఇరుక్కుపోయి, చివర్లో తేలికైనవి వదిలేస్తోంది. వరస మార్చుకుంది. ఆదివారం ట్యూషన్ మాన్పించేశాం.

తర్వాతి టెస్టుల్లో 71 వచ్చింది, ఒకసారి 68కి తగ్గింది, మళ్ళీ 77 అయింది. ర్యాంకు ఎంతని నేను అడగలేదు. ఈ మార్కులు కూడా అది తనంతట తాను చెప్పినవే. నిజం చెప్పాలంటే 77 కన్నా, చలిలో నిలబడి విన్న ఆ ఫోన్ కాలే నాకు పెద్ద ఫలితం.

మీ ఇంట్లో మొదలుపెట్టాలంటే

దీనికి గోల్ఫ్ అక్కర్లేదు. షటిల్‌లో సర్వీసు ఎన్నిసార్లు నెట్‌కు తగిలింది, కర్ణాటక సంగీతంలో ఏ చరణం దగ్గర తాళం తప్పుతోంది, హిందీ డిక్టేషన్‌లో ఏ గుణింతం దగ్గర తప్పు వస్తోంది... దేనికైనా ఇదే. నేను తప్పులు చేసి నేర్చుకున్నవి ఇవి:

• గడులు మూడు లేదా నాలుగు చాలు. అంతకు మించితే రాయడమే ఒక చదువు అవుతుంది.

• ఏ అంకె చూస్తే రేపు చేయాల్సిన పని తెలుస్తుందో అదే రాయించండి. "మొత్తం మార్కులు" అలాంటి అంకె కాదు.

• ఒక్క టెస్టు చూసి తీర్పు చెప్పకండి. కనీసం నాలుగైదు అయ్యాక కూడి చూడండి.

• అక్కతో, తమ్ముడితో, పక్కింటి పిల్లలతో పోల్చకండి. పోల్చాలంటే నిన్నటి తనతోనే.

• పుస్తకం పిల్లలది. వాళ్ళే రాయాలి, వాళ్ళ దగ్గరే ఉండాలి. చూపిస్తే చూడండి. చూపించకపోతే అడగకండి.

• ముందు మీరు మీకోసం ఒక పుస్తకం పెట్టుకోండి. నడకో, ఫోన్ చూసే సమయమో, పిల్లల మీద కోప్పడిన సార్లో, ఏదైనా సరే. ఒక నెల నిజాయితీగా రాయడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

ఆ చివరిది నేనూ చేస్తున్నాను. నా గోల్ఫ్ పుస్తకంలో ఇప్పుడు ఐదో గడి ఒకటి ఉంది. వారంలో ఇంటికి చేసిన ఫోన్లలో, మార్కుల మాట ఎత్తకుండా మాట్లాడినవి ఎన్ని అని. మొదటి వారం ఆరు ఫోన్లలో ఒకటి. గత వారం నాలుగు. ఇంకా మెరుగుపడాలి.

ఆ పుస్తకం మాత్రం నా జేబులోనే ఉంటుంది.